బయటి అంచు

అక్టోబర్ 7, సోమవారం

ఈ డైరీ యూనియన్ వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. ఇన్నాళ్లూ టీవీ కింద దుమ్ము పట్టి ఉంది. మా అమ్మాయి ఆమని స్కేట్లకు ఎప్పుడు పదును పెట్టానో తారీకు రాసుకోమని నిన్న కోచ్ మమతారాణి మేడం చెప్పింది కాబట్టి బయటికి తీశాను.

ఇవాళ పెట్టాను. బొగ్గు గని వర్క్‌షాప్ షిఫ్టు నుంచి వచ్చి, అన్నం తిని, క్వార్టర్ వెనక వరండాలో, ఇనుమును కదలకుండా పట్టే వైస్‌కు బిగించి రెండూ నూరాను. చూసేవాళ్లు దీన్ని కత్తి అనుకుంటారు. కత్తికి ఒకటే అంచు. ఐస్ మీద తిరిగే ఈ బ్లేడుకు అడుగున పొడుగునా సన్నటి గాడి ఉంటుంది. ఆ గాడికి అటొకటి ఇటొకటి రెండంచులు. లోపలి అంచు, బయటి అంచు. గుండ్రటి సానరాయిని గాడిలో ఆనించి ఒకే ఒత్తిడితో లాగాలి. రెండూ సమంగా రావాలి. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం అయిందంటే పిల్ల ఆ పక్కకు ఒరగగానే కాలు జారిపోతుంది.

నాకు తెలిసింది నాకే ఎందుకు చెప్పుకుంటున్నానో. వైస్ పక్కన స్టూలేసుకుని ఆమని కూర్చుంటుంది కదా, దానికి చెప్పీ చెప్పీ అలవాటైపోయింది. పదకొండేళ్ల పిల్ల. నేను నూరుతున్నంతసేపూ బళ్లో సంగతులన్నీ వాగుతూనే ఉంటుంది. నేను కూడా ఆ ఒక్క పనిలో ఉన్నప్పుడే నోరు విప్పుతానని నా భార్య రేవతి అంటుంది.

గోదావరిఖనిలో ఐస్ ఎక్కడిదని వర్క్‌షాప్‌లో అందరూ నవ్వారు. స్టేడియం సిమెంటు మీద చక్రాల స్కేట్లతో తిరిగే పిల్లను కరీంనగర్ ఎండాకాలం క్యాంపులో మేడం చూసి, ఐస్ మీదికి పంపమంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం రామగుండంలో పొద్దుటి రైలెక్కి హైదరాబాద్ ఐస్ రింకుకు పోతున్నాం. డిసెంబర్‌లో సెలక్షన్లు. మిగతా పిల్లలు రింకులోని మిషన్ మీద సాన పట్టించుకుంటారు. ఆమనికి మాత్రం మొదటి నుంచీ నేనే.

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. ఈ పెన్ను మంచిది కాదు.

అక్టోబర్ 9, బుధవారం

స్పానర్ చేతిలోంచి జారింది. కొద్దిలో తప్పింది, లేకుంటే నా పక్కన పనిచేసే మల్లేష్ పాదం మీద పడేది. చేతికి గ్రీజుంది.

అక్టోబర్ 14, సోమవారం

నిన్న ఆమని చాలాసార్లు పడింది. ఎడమకాలి బయటి అంచు మీద ఒరిగి వెనక్కి తిరిగేటప్పుడు. ప్రతిసారీ అక్కడే. దసరా సెలవులకు జనం ఎక్కువైపోయి ఐస్ మెత్తబడింది.

రైల్లో అడిగాను. "ఏమైందే బిడ్డా, గట్ల వడ్డవ్?"

"నేనే సరిగ్గ ఒరగలే బాపు."

"స్కేట్లు ఎట్లున్నయ్?"

"మంచిగున్నయ్."

కిటికీ వైపు తిరిగి పడుకుంది. నిద్ర పోలేదు. కాజీపేట దాకా కళ్లు తెరిచే ఉంది.

అక్టోబర్ 16, బుధవారం

గాజు గ్లాసు పగిలింది. రేవతి చీపురు తెచ్చి ఊడ్చింది. ఆ తర్వాత నా చాయ్ స్టీలు గ్లాసులో వచ్చింది.

అక్టోబర్ 17, గురువారం

మళ్లీ కొంచెం నూరాను. బయటి అంచు మొద్దుబారి ఉంటుందని.

అక్టోబర్ 21, సోమవారం

మమతారాణి మేడం మంచి మనిషే. కానీ ఆమెకు వర్క్‌షాప్ పని తెలియదు.

నిన్న ఆమని పక్కకు పోయి నీళ్లు తాగుతుంటే నన్ను బెంచీ దగ్గరికి పిలిచింది.

"అన్నా, సాన ఎప్పుడెప్పుడు వడ్తున్నరు?"

"రెండు వారాల కింద వట్టిన మేడం. మొన్న గురువారం గూడ జర సానకు రాసిన."

"గంత జల్ది జల్ది ఎందుకు? ఇన్ని గంటలు తిరిగినంక అని ఒక అందాజ ఉంటది. అయినా గంటలు సూసి గాదు, పిల్లను సూసి పట్టాలె. మూల తిరిగేటప్పుడు పట్టు తప్పుతుందా, నెట్టుకున్నప్పుడు కాలు పక్కకు పోతుందా సూడాలె. గోరు అంచు మీద పెట్టి లాగితే గోరు పొడి రాలాలె, రాలకుంటే మొద్దువారినట్టు. ఊకె సాన పడితే ఇనుము అరిగిపోతది. బ్లేడుకు ఆయుష్షు గంతే."

ఇవన్నీ నాకు తెలియనివా? తల ఊపాను.

అప్పుడామె ఎడమకాలి స్కేటు తీసుకుని తలకిందులుగా పట్టుకుంది. రెండంచుల మీదా ఆనేట్టు రూపాయి బిళ్ల అడ్డంగా పెట్టి, కంటి ఎత్తుకు లేపి చూసింది. చాలాసేపు చూసింది.

"ఒక్కపారి మా మిషన్ ఆయనకు చూపెడ్దామా అన్నా?"

"అక్కెర లేదు మేడం," అన్నాను.

బిళ్ల ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించింది. పాత బిళ్ల. దాని అంచే అరిగిపోయి ఉంటుంది.

అక్టోబర్ 24, గురువారం

పదును పెట్టాను. రెండూ.

ఆమని స్టూలు మీద కూర్చుని సైన్సు టీచర్ చీర కుర్చీకి చిక్కుకున్న సంగతి చెబుతోంది. నేను నవ్వుతూ బొటనవేలు అంచు మీద వేసి చూస్తున్నాను. నడిమధ్యలో ఆపేసి, "బాపూ, రక్తం," అంది.

సానరాయి మీద ఎర్రగా ఉంది. వేలు తెగింది. నొప్పి లేదు. ఎప్పుడు తెగిందో కూడా తెలియలేదు.

పదును బాగా వచ్చిందన్నమాట.

ఆమని లోపలికి పరిగెత్తి పసుపు తెచ్చింది. కట్టు కట్టినంతసేపూ నా ముఖంలోకి చూడలేదు. సైన్సు టీచర్ సంగతి అక్కడే ఆగిపోయింది.

నవంబర్ 4, సోమవారం

దీపావళి బాగానే జరిగింది. వత్తులు రేవతి వెలిగించింది.

నిన్న రింకులో. చాయ్ తాగుదామని కిందికి పోయి, జనం ఉన్నారని తాగకుండానే తిరిగొచ్చాను. అద్దం అవతల ఒక పిల్ల తిరుగుతోంది. ఎడమకాలి మీద ఒంటరిగా ఒరిగి, వెనక్కి, చేతులు చాపి, చుట్టూ పెద్ద గుండ్రం తీస్తోంది. ఐస్ మీద గీత తెగకుండా వస్తోంది. ఎవరి పిల్లో బాగా తిరుగుతుందే అనుకున్నాను. మలుపు తిరిగాక ముఖం కనిపించింది. ఆమని.

కాళ్లకు నీలం రంగు స్కేట్లు. రింకులో అద్దెకిచ్చేవి. పది మంది తొడిగి విడిచినవి.

నన్ను చూసింది. చూడగానే గుండ్రం మధ్యలోనే వదిలేసి గట్టు దగ్గరికొచ్చి, బెంచీ మీద కూర్చుని గబగబా లేసులు విప్పుకుంది. నేను పోయేసరికి మన స్కేట్లు కాళ్లకున్నాయి.

"గవి ఎందుకు తొడిగినవే?"

"ఉత్తగనే బాపు. ఎట్లుంటయో సూద్దామని."

మళ్లీ ఐస్ మీదికి పోయింది. రెండుసార్లు పడింది.

అద్దె స్కేట్లు బరువు తక్కువ. అందుకే.

నవంబర్ 6, బుధవారం

పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడం కుదరలేదు. కొత్త చొక్కాలకు కాజాలు ఇరుకుగా కుడుతున్నారు. టీషర్టు వేసుకుని బయల్దేరుతుంటే రేవతి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నీ చేతులు ఎప్పటిసంది గట్లున్నయ్?"

"ఎట్లున్నయ్?"

"నాకు కండ్లు లేవనుకుంటున్నవా? అన్నం కలిపెటప్పుడు మెతుకులన్ని పళ్లెం బయట పడ్తున్నయ్. దవఖానకు పోదాం నడువ్."

"చలికాలం గద. తిమ్మిరి."

"ఇంక చలే రాలే."

షిఫ్టుకు ఆలస్యమవుతోందని వచ్చేశాను.

దవఖానకు పోతే ఏం జరుగుతుందో ఆమెకు తెలియదా? కాగితం మీద ఒక్క ముక్క రాస్తారు. మెడికల్ బోర్డుకు పొమ్మంటారు. బోర్డు అన్‌ఫిట్ అంటే నేను ఫిట్టర్‌ని కాను. మా బాపు బొగ్గు తవ్వాడు, దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని పోయాడు. నన్ను మాత్రం గని దిగనివ్వలేదు. చేతిలో పనుండాలని ఐటీఐలో వేశాడు. ఈ చేతులతోనే ఇంత దూరం వచ్చాను.

చలికి తిమ్మిరి. కొంతమందికి ముందే మొదలవుతుంది.

నవంబర్ 8, శుక్రవారం

నేను బిగించిన బోల్టులను మల్లేష్ మళ్లీ బిగిస్తున్నాడు. నేను అటు తిరిగాక స్పానర్ వేసి చూస్తున్నాడు. ఒకటి చుట్టూ తిరిగింది. అంటే వదులుగానే వదిలేశాను.

నేను చూడనట్టు ఉన్నాను. వాడు చేయనట్టు ఉన్నాడు.

నవంబర్ 11, సోమవారం

నిన్న ఆమనిని తిట్టాను. రాయడానికి కూడా మనసొప్పడం లేదు. కానీ తిట్టాను.

పడుతూనే ఉంది. మేడం కూడా కేకలేసింది, "బయటి అంచు మీద బరువెయ్యి, ఎందుకు దాస్తున్నవ్ కాలు?" అని. సెలక్షన్లు దగ్గరికొచ్చాయి. సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద, అందరి ముందు, "నీకు మనసు లేకుంటె చెప్పు, బంద్ చేద్దాం. నేను రెక్కలు ముక్కలు చేసుకుని రాస్తున్న, నువ్వు జర పట్టిచ్చుకోవా," అన్నాను.

తల వంచుకుని నిలబడింది. "గట్ల కాదు బాపు," అంది. ఎట్లనో చెప్పలేదు. రైలొచ్చింది.

పిల్ల శ్రద్ధ పెట్టడం లేదు. స్కేట్లు బాగానే ఉన్నాయి. అయిదు వారాల్లో మూడుసార్లు పదును పెట్టాను, బాగుండక ఏమవుతాయి? అద్దె స్కేట్లు బరువు తక్కువ.

బరువు తక్కువేమీ కాదు. ఆ రోజే చేత్తో ఎత్తి చూశాను.

నవంబర్ 14, గురువారం

పదును పెట్టాను. ఆమని స్టూలు తెచ్చుకోలేదు. హోంవర్కు ఉందంది.

నవంబర్ 18, సోమవారం

నెమ్మదిగా రాయాలి. నిన్నటిది అంతా రాయాలి.

పదిన్నరకు ఐస్ మీదికి దిగింది. మొదట బాగానే తిరిగింది. మేడం సెలక్షన్‌కు తయారు చేసిన ఆట మొత్తం పాటతో సహా చేయించింది. మధ్యలో ఎడమకాలి బయటి అంచు మీద వెనక్కి తిరిగే చోటు వస్తుంది. అక్కడ ఆమని కాలు దాచుకుంటుందని మేడం ముందే అరిచింది, "దాయకు, ఒరుగు!" అని. ఆమని ఒరిగింది. మేడం మాట విని, ఈసారి పూర్తిగా ఒరిగింది.

కాలు కింద ఏమీ లేనట్టు పోయింది. చేతులు ఆనించే సమయం కూడా దొరకలేదు. గడ్డం నేరుగా ఐస్‌కు తగిలింది. ఆ చప్పుడు అద్దం ఇవతల నాకు వినిపించింది.

నేను చెప్పులతోనే ఐస్ మీదికి పరిగెత్తి పడ్డాను. మేడం నాకంటే ముందు చేరింది. తెల్లటి ఐస్ మీద రక్తం పడితే అది కారదు, అక్కడే గడ్డకట్టి గుండ్రంగా ఉండిపోతుంది. 

పక్క వీధిలో నర్సింగ్ హోంకు తీసుకుపోయాం. కుట్లు వేశారు. పళ్లకు ఏమీ కాలేదు, ఎముకకు ఏమీ కాలేదు. బయట వరండాలో మేడం నాతో అంది:

"అన్నా, ఇగ చాలు. గీ బ్లేడుతోని నేను పిల్లను ఐస్ మీదికి పంపను. లోపలి అంచు ఎత్తుగున్నది, బయటి అంచు లేనే లేదు. నీకు చెప్తె బాధపడ్తవని ఊకున్న. తప్పు నాది గూడ."

నేను నోరు తెరిచేలోపు గుమ్మంలో ఆమని. గడ్డానికి కట్టు, పెదవులు కదలకుండా మాట్లాడుతోంది.

"బ్లేడు మంచిగనే ఉన్నది మేడం. మా బాపు మంచిగ రాస్తడు. నేనే వడ్డ."

మేడం నా వైపు చూసింది. నేను ఆమని వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక రేవతి పిల్లకు స్నానం చేయించి బయటికొచ్చి చెప్పింది, తుంటి మీద అరచేయంత నల్లగా కమిలిపోయి ఉందని. ఒకటి పాతది, దాని మీద కొత్తది. "తల్లిని, నాకు గూడ చూపెట్టలే," అని వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

నవంబర్ 19, మంగళవారం

సెలవు పెట్టాను. రేవతి బడికి పోయింది. అక్కడ మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. ఆమని మందులకు నిద్రపోతోంది.

ఎడమకాలి స్కేటును వైస్‌కు బిగించాను. ఉక్కు స్కేలు రెండంచుల మీదా అడ్డంగా పెట్టి, ఎండ వైపు తిరిగి చూశాను. ఒక పక్క స్కేలు ఆనింది. ఇంకో పక్క కింద నుంచి వెలుతురు వస్తోంది. వెంట్రుకవాసి కాదు. కంటికి కనిపించేంత.

తర్వాత కళ్లు మూసుకున్నాను. బొటనవేలు అంచు మీద పెట్టాను. చూపుడువేలు పెట్టాను. ఎడమచేయి పెట్టాను. ఏ అంచు ఎత్తో తెలియలేదు. అసలు అంచు ఉందో లేదో తెలియలేదు. గుడ్డ మీద వేలు పెట్టినా ఇంతే.

కళ్లు తెరిచి చూస్తే మళ్లీ తెగింది.

నవంబర్ 20, బుధవారం

స్కేలు పెట్టి చూడటానికి ఎంతసేపు పడుతుంది? ఇన్ని రోజుల్లో ఒక్కసారి పెట్టలేదు.

నవంబర్ 22, శుక్రవారం

సాయంత్రం ఆమని బడి నుంచి వచ్చాక పక్కన కూర్చోమన్నాను. స్కేట్ల సంచి మా ఇద్దరి మధ్యా పెట్టాను.

"ఎప్పటిసంది తెల్సు బిడ్డా?"

అర్థం కానట్టు ముఖం పెట్టింది. సంచి దాని వైపు జరిపాను. అప్పుడు చెప్పింది.

"దసరా కంటె ముందుగాలనే."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు రాసుడు బంద్ చేస్తవని."

"బంద్ చేస్తె ఏమైతది? మిషన్ మీద పట్టించుకుందుము గద."

కుట్ల దగ్గరికి వేలు పోనిచ్చి, రేవతి వద్దన్న సంగతి గుర్తొచ్చి ఆపుకుంది. సంచి జిప్పు ముందుకూ వెనక్కూ లాగుతూ అంది:

"స్కేట్లు రాసేటప్పుడే నువ్వు మంచిగ మాట్లాడ్తవ్ బాపు. నవ్వుతవ్ గూడ. గది లేకుంటె చేతులు సూస్కుంట కూసుంటవ్. అమ్మ పిలిచినా ఇనపడది నీకు."

నేను చేతులు చూసుకుంటూ కూర్చుంటానని నాకు తెలియదు.

"నువ్వు వడుతుంటె నేను నవ్వుకుంట రాయాల్నా?"

"నాకు వడుడు అలవాటైంది. బయటి అంచు మీద బరువెయ్యకుంట ఎట్ల తిరగాల్నో గూడ నేర్సుకున్న. మేడం దొరకబట్టింది గని, లేకుంటె ఎవలకు తెల్వకపోవు."

ఆ చివరి మాట అన్నప్పుడు కొంచెం గర్వంగా కూడా ఉంది ముఖం. నా కోసం తప్పుగా తిరగడం నేర్చుకుంది. దాన్నే పట్టుకుని నేను ప్లాట్‌ఫారం మీద తిట్టాను.

"తిట్టిన నాడన్నా చెప్పొద్దా?"

"గప్పుడు చెప్పబోయిన. రైలొచ్చింది."

దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. జుట్టు మీద చేయి వేశాను. మెత్తగా ఉందో లేదో నా చేతికి తెలియలేదు. ఆ మాట దానికి చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. "నీ నెత్తి మీద చెయ్యి పెట్టిన గని, నాకు ఏం తెలుస్తలేదు బిడ్డా."

అది నా చేయి తీసుకుని గట్టిగా నొక్కింది. "గిట్ల?" అంది. ఇంకా గట్టిగా నొక్కింది. "గిట్ల?"

నొక్కితే కొద్దిగా తెలిసింది.

నవంబర్ 23, శనివారం

ఇంజనీర్ సార్ దగ్గరికి నేనే పోయి చెప్పాను. బోల్టుల సంగతి కూడా. మల్లేష్ పేరు చెప్పలేదు. బయటికి వచ్చాక మల్లేష్ కనిపించాడు.

"ఎందుకు చెప్పినవన్నా? నేను చూసుకుంటుంటి గద."

"నువ్వు లీవ్ పెట్టిన నాడు ఎవలు చూసుకుంటరు? కింద గనిల మనుషులుంటరు మల్లేష్."

వాడు క్యాంటీన్‌లో చాయ్ ఇప్పించాడు. గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు, నా ముందుకు జరిపాడు. కోపం రాలేదు.

నవంబర్ 28, గురువారం

కరీంనగర్. స్కానింగ్ తీసి, పెద్ద డాక్టర్ చూశాడు. ఫిల్మును దీపం ముందు పెట్టి పెన్నుతో చూపించాడు. మెడ దగ్గర పూసలు జరిగి నరాన్ని నొక్కుతున్నాయట. తల నుంచి చేతులకు పోయే దారి అక్కడ సన్నబడిందట.

"ఎప్పటి నుంచి తిమ్మిరి?"

చలికాలమని చెప్పబోయి మానుకున్నాను. "ఎండాకాలం సంది సార్." రేవతి నా వైపు తిరిగి చూసింది.

ఆపరేషన్ చేస్తే ఇక్కడితో ఆగుతుందట. ఆలస్యమైతే కాళ్లకు కూడా వస్తుందట. "పోయింది ఎంత తిరిగొస్తుందో మాత్రం నేను చెప్పలేను. కొంతమందికి చాలా వస్తుంది. కొంతమందికి రాదు."

"నౌకరి చేస్తడా సార్?" రేవతి అడిగింది.

"బరువు పని వద్దమ్మా. కూర్చుని చేసేదేదైనా ఇస్తే చేయొచ్చు."

నేను అడిగాను, సన్న పనులు, వేలితో అంచు చూసుకుని చేసే పనులు కుదురుతాయా అని. ఆయన ఫిల్ము తీసి కవర్‌లో పెట్టాడు. "చూద్దాం," అన్నాడు.

బస్సులో రేవతి నా చేయి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొండగట్టు దేవుడికి మొక్కిందట. ఎండాకాలం సంగతి అడుగుతుందనుకున్నాను. సుల్తానాబాద్ దాటాక అడిగింది.

"నాకన్నా చెప్పొద్దా?"

ఒళ్లో ఉన్న చేత్తో ఆమె వేళ్లు పట్టుకున్నాను.

డిసెంబర్ 2, సోమవారం

ఆపరేషన్ తొమ్మిదో తారీకు. సెలక్షన్లు ఎనిమిదిన. కుట్లు విప్పేశారు, ఆమని ఐస్ మీదికి పోవచ్చన్నారు.

"నేను వోను," అంది.

"ఎందుకు వోవు?"

"నువ్వు దవఖానల ఉంటవ్."

"నేను మంచంల పండుకుంట. నువ్వొచ్చి ఏం జేస్తవ్ ఆడ? అమ్మను తోల్కపో."

రేవతి వద్దంది, నన్ను ఒక్కణ్ని వదిలి పోనంది. మల్లేష్ ఉంటానన్నాడు. చివరికి ఒప్పుకున్నారు.

రేవతి, ఆమని ఒక రోజు ముందే తెచ్చే స్కేట్లను మిషన్ మీద పట్టించమని మేడంకు ఫోను చేశాను. లోపలి అంచు ఎంత ఎత్తుందో, ఎంత తీస్తే సమమవుతుందో చెప్పాను. బ్లేడు ముక్కు దగ్గరుండే రంపపు పళ్లు ముట్టుకోవద్దని చెప్పాను. "నాకు తెల్సన్నా," అంది మేడం, మెల్లగా.

ఆమె ఆ రోజు చూసినదాన్ని బట్టి, నేను ఊరికే అరగదీసిన ఇనుము పోగా ఇంకో ఏడాదికి సరిపడా బ్లేడు మిగిలిందట.

డిసెంబర్ 8, ఆదివారం

కరీంనగర్ దవఖాన. పొద్దుటి నుంచి రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు. ఎడమచేత్తో కుడిచేయి పట్టుకుని రాస్తున్నాను. ఇలా అయితే కొంచెం కుదురుగా వస్తోంది.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఫోను మోగింది. మల్లేష్ స్పీకర్ పెట్టి దిండు మీద ఉంచాడు.

"బాపూ, నాలుగో నంబర్ వచ్చిన. ముగ్గురినే తీసుకున్నరు."

వెనక పాట వినిపిస్తోంది, ఇంకో పిల్ల తిరుగుతున్నట్టుంది. ఒక్క స్థానం తేడా. ఈ రెండు నెలలూ సరైన బ్లేడు మీద తిరిగి ఉంటే అనుకున్నాను. దానికీ ఆ మాట తట్టే ఉంటుంది. అనలేదు.

"దెబ్బ తాకిందా?"

"తాకలే. బయటి అంచు మీద మొత్తం తిరిగిన బాపు. ఒక్కపారి గూడ వడలే."

"సాన మంచిగ వట్టిండా?"

"వట్టిండు. కని నీ అంత మంచిగ పట్టలే," అంది.

అబద్ధం. అంచులు సమంగా లేకుండా ఆ గుండ్రం పూర్తిగా రాదు. అది నాకెంత తెలుసో దానికీ అంతే తెలుసు. ఇదివరకటిలా అయితే నమ్మేవాణ్ని. నమ్మి సంతోషపడేవాణ్ని.

"ఆమనీ."

"ఆఁ బాపు."

"నా కోసం చెప్పకు. కాలుకు ఎట్లుంటె గట్ల చెప్పు."

పాట అయిపోయింది. చప్పట్లు వినిపించాయి. అవి కూడా ఆగిపోయాక అంది:

"మస్తున్నయ్ బాపు. ఒరిగితె పట్టేస్తున్నయ్. నేను ఎంత ఒరిగినా పట్టేస్తున్నయ్. నాకు ఏడుపొచ్చింది."

"గట్లనే చెప్పాలె," అన్నాను. మల్లేష్ కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. "మల్ల మొద్దువారినట్టు కొడ్తె గప్పుడు గూడ చెప్పాలె. నేను సూసి చెప్పేదేం లేదు ఇగ. నీ కాలుకు తెలుస్తది."

"ఎవలకు చెప్పాలె?"

"నాకే చెప్పు. తీస్కవోయి పట్టిచ్చుకొస్త."

"నువ్వే వస్తవా?"

"నేనే వస్త."

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రేవతి ఫోను తీసుకుని, భోజనం చేశావా, మాత్రలు వేసుకున్నావా అని అడిగింది.

రేపు పొద్దున్నే లోపలికి తీసుకుపోతారు. ఇంతవరకు రాసేసరికి కిటికీలో ఎండ మంచం మీది నుంచి గోడ మీదికి పోయింది. సిద్దిపేట దాటామని ఇప్పుడే మెసేజ్ వచ్చింది. చీకటి పడేలోపు వచ్చేస్తారు.